ఇద్దరి పండక్కి బెల్లంపూత టర్కీ

డిసెంబరు మూడోవారం వచ్చిందంటే కడప, కర్నూలు వైపు చాలా ఇళ్లల్లో ఫోన్లు ఒకే మాట మోసుకొస్తాయి. కువైట్ నుంచి పెద్దోడు, డాలస్ నుంచి కూతురు, బెంగళూరు నుంచి చిన్నోడు... ‘సెలవు దొరకలేదు నాయనా, ఈసారికి మీరిద్దరే కానిచ్చేయండి’ అంటారు. క్రిస్మస్ చేసుకునే ఇల్లయితే డిసెంబరులో, కనుమ చేసుకునే ఇల్లయితే జనవరిలో. నెల మారుతుంది కానీ మాట మారదు. రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు చుట్టుపక్కలైతే గల్ఫ్‌లో ఒక్క మనిషైనా లేని వీధిని వెతికిపట్టుకోవడమే కష్టం.

ఫోను పెట్టేశాక వంటింటి గడప దగ్గర వినిపించే మాట కూడా దాదాపు ఒకటే. ‘ఉండేది ఇద్దరం. మాకెందుకు లేబ్బా ఇంత తతంగం?’ ఆయన అవునన్నట్టు తలూపుతాడు. కుక్కర్లో పప్పు, పక్కన రెండు అప్పడాలు. అంతే... పండగ అయిపోయింది!

తప్పు వాళ్లది కాదు. సీమ పండగ వంటకి చిన్న కొలత తెలీదు. పొట్టేలును కోస్తే వీధికంతా కబురు. నాటుకోడి పులుసు పెడితే కనీసం ఆరుగురు సంగటి ముద్దలతో కూర్చోవాలి. బిర్యానీ అయితే దేగిశాలో తప్ప చిన్నగిన్నెలో కుదరదంటారు. ముప్ఫై ఏళ్లపాటు ఇరవై మందికి వండిన చేతికి రెండు కంచాలకు సరిపడా వండమంటే ఉప్పెంత వేయాలో కూడా అందదు. పండగపూట చిన్నగా వండటం ఓ విద్యే. ఆ విద్యకు బాగా పనికొచ్చే ఒక వంట, వింతగా, మన దగ్గరది కాదు. అమెరికాలో ఉన్న పిల్లలు నవంబరు ఆఖర్లో ఫొటో తీసి పంపే టర్కీ కోడిది. అది కూడా పళ్లెం నిండా నిలబెట్టిన పూర్తి కోడి కాదు. దాని బ్రెస్ట్ పీసు... పైన బెల్లం పూతతో.

ఎక్కడి పక్షి... ఎన్ని పేర్లు!

టర్కీ కోడి టర్కీ దేశానిది కాదు. దాని పుట్టిల్లు మెక్సికో వైపు. స్పెయిన్ వాళ్లు దాన్ని 16వ శతాబ్దంలో ఐరోపాకు తీసుకెళ్లారు. ఎక్కణ్నుంచి వచ్చిందో సరిగ్గా తెలియక ఇంగ్లిషువాళ్లు దానికి టర్కీ పేరు తగిలించారు. తమాషా ఏంటంటే, టర్కీవాళ్లు దాన్ని ‘హిందీ’ అంటారు. అంటే హిందూదేశపు పక్షి అని! ఫ్రెంచివాళ్ల మాట ‘దాంద్’కీ ఇండియా నుంచి వచ్చిందనే అర్థం. డచ్చివాళ్లయితే ఏకంగా ‘కాల్కూన్’ అన్నారు. అందులో ఉన్నది మన కేరళలోని కాలికట్. ఎవరికి వాళ్లు పక్కవాడి ఊరు అంటగట్టేశారన్నమాట. చివరికి అది మన ఊరికీ వచ్చింది. 1612లో గోవా నుంచి ముకర్రబ్‌ఖాన్ తెచ్చిన వింత జంతువుల్లో టర్కీ కోడిని చూసి జహంగీర్ చక్రవర్తి ముచ్చటపడ్డాడు. దాని తల, మెడ రంగులు మార్చుకోవడం గురించి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చేత బొమ్మ కూడా వేయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. జహంగీర్ ఎంత మెచ్చుకున్నా మన వంటింట్లోకి మాత్రం ఆ పక్షి పెద్దగా రాలేదు. కడపకు లండన్ మిషనరీలు వచ్చి రెండొందల ఏళ్లు దాటింది. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు కోల్స్ పేరుతో బడి కట్టారు. అయినా సీమ క్రిస్మస్ అంటే ఇప్పటికీ బిర్యానీయో నాటుకోడో తప్ప టర్కీ కాదు.

‘చిన్న సంసారం’ గొడవ మనదొక్కళ్లదే అనుకుంటే పొరపాటు. ఇదే చిక్కు 1930ల్లో అమెరికాకూ వచ్చింది. అప్పటి టర్కీలు పెద్దవి. ఇళ్లేమో చిన్నవైపోయాయి, ఓవెన్లు అంతకన్నా చిన్నవి. ఇంత పెద్ద కోడి మాకెందుకని ఇల్లాళ్లు కొనడం తగ్గించారు. దాంతో అక్కడి వ్యవసాయశాఖ మేరీలాండ్ రాష్ట్రంలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో చిన్న కుటుంబం కోసమే, చిన్న ఓవెన్లో పట్టేలా, ఒక పొట్టి తెల్ల టర్కీని తయారుచేసింది. దాని పేరు బెల్ట్స్‌విల్ స్మాల్ వైట్. 1940ల్లో, 50ల్లో దానికి తిరుగులేదు. ఆ తర్వాత పెద్ద కోడిని ముక్కలు కోసి విడివిడిగా అమ్మడం మొదలయ్యాక పొట్టిదాని అవసరం తీరిపోయి వెనకబడింది. కానీ ఆ రక్తం మన పక్కకే చేరింది. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం చెన్నైలోని నందనంలో నల్ల దేశవాళీ టర్కీతో ఈ బెల్ట్స్‌విల్ రకాన్ని కలిపి ‘నందనం టర్కీ-1’ను తయారుచేసింది.

పోగు వేసుకుంటే సరి

మన ఊళ్లల్లో టర్కీ దొరుకుతుందా? దొరుకుతుంది... కాస్త తిరగాలి. నాటుకోళ్లతోపాటు నాలుగైదు టర్కీలు పెంచేవాళ్లు పల్లెల్లో ఉన్నారు. నాటుకోళ్లు అమ్మే దుకాణంలో వారం ముందే చెప్పిపెడితే తెప్పించి ఇస్తారు. చిక్కల్లా ఒకటే. వాళ్లు పక్షిని పక్షిగానే అమ్ముతారు. బ్రెస్ట్ పీసు మాత్రం ఇమ్మంటే నవ్వుతారు. పెట్ట అయితే నాలుగైదు కిలోలు తూగుతుంది. పుంజు అంతకన్నా బరువు. ఇద్దరు మనుషులు అంత కోడిని ఏం చేసుకుంటారు?

దీనికి సీమలో పాత మందే ఉంది. అదే పోగు. పండగ తెల్లవారుజామున నలుగురైదుగురు కలిసి ఒక పొట్టేలును కోసుకుని, గోనెపట్టా మీద సమానంగా పోగులు పెట్టుకుని, ఎవరి పోగు వాళ్లు ఇంటికి పట్టుకెళ్లే అలవాటు ఇంకా పోలేదు. టర్కీకీ అదే చేయొచ్చు. మూడు నాలుగు ఇళ్లు కలిస్తే ఒక పెట్ట. కాకపోతే పొట్టేలు పోగుకీ దీనికీ ఒక తేడా ఉంది. పొట్టేలు పోగులో అందరికీ అన్నీ సమానంగా రావాలి... కండ, ఎముక, కాలేయం. ఎవరికైనా కార్జం ముక్క తగ్గితే ఆ పండగంతా అదే మాట! టర్కీని మాత్రం భాగాల లెక్కన పంచుకోవాలి. పులుసు పెట్టుకునే ఇంటికి కాళ్లు, తొడలు. కారంగా వేపుడు చేసుకునే ఇంటికి రెక్కలు, మెడ, కార్జం. బెల్లంపూత చేసుకునే ఇంటికి ఎదభాగం. గొడవ వస్తుందనే భయం అక్కర్లేదు. ఎముక కొరుక్కుంటూ తినడం అలవాటైన సీమ నాలుక్కి బ్రెస్ట్ పీసంటే చప్పటి ముక్క. దానికోసం ఎవరూ పోటీకి రారు.

అది చప్పగా ఉండటానికీ కారణం ఉంది. టర్కీ రోజంతా నడుస్తుంది, అరుదుగా ఎగురుతుంది. అందుకే కాళ్ల కండకు పని ఎక్కువ, అది ముదురు రంగులో, కొవ్వుతో, రుచిగా ఉంటుంది. ఎదకండకు పని తక్కువ. తెల్లగా, మెత్తగా, కొవ్వు లేకుండా ఉంటుంది. చర్మం తీసేసిన వంద గ్రాముల పచ్చిమాంసంలో ప్రొటీన్ 24 గ్రాముల దాకా ఉంటే కొవ్వు రెండు గ్రాముల లోపే. అరవై దాటిన దంపతులకు డాక్టరు చెప్పే లెక్కలో ఇది మంచి మాంసం. వంటలెక్కలోనే గడ్డు మాంసం. పది నిమిషాలు ఎక్కువ ఉడికిందంటే కొబ్బరిపీచే!

దుకాణంలో రెండు మాటలు గట్టిగా చెప్పాలి. ఒకటి, ‘భాయ్, చర్మం తీయొద్దు.’ ఇప్పుడు ఏ కోడినిచ్చినా అడక్కుండానే స్కిన్‌లెస్ చేసేయడం అలవాటైపోయింది. నాటుకోడికి చేసినట్టు వేడినీళ్లలో ముంచి ఈకలు పీకి, మంట మీద చూపించి, చర్మంతోనే ఇవ్వమనాలి. కొవ్వులేని ఆ కండకి పైన ఉన్న చర్మమే గొడుగు. రెండు, ‘చిన్నముక్కలు కొట్టొద్దు.’ కత్తి చేతిలో ఉంటే కూరముక్కలు కొట్టకుండా ఉండటం వాళ్లకి కష్టం. ఎదభాగాన్ని ఎముకతో సహా నిలువునా రెండు చెక్కలుగా చేయించుకోవాలి. ఒక్కో చెక్క ఆరొందల నుంచి ఏడొందల గ్రాములు వస్తుంది. ఇద్దరికి ఒక చెక్క చాలు. ఇంకా మిగులుతుంది కూడా. రెండోది ఫ్రీజర్లో పెట్టుకుంటే కనుమకు పనికొస్తుంది.

టర్కీ దొరకలేదా? చర్మంతో ఉన్న ఫారంకోడి ఎదభాగంతో ఇదే చేయొచ్చు. సగం సేపట్లో అయిపోతుంది. నాటుకోడితో మాత్రం వద్దు. దాని కండ గట్టిది, నిదానంగా పులుసులో ఉడకాల్సిందే. దాన్ని తీసుకెళ్లి ఓవెన్లో పెట్టడం దానికీ అవమానమే, పళ్లకీ అవమానమే.

ముందురోజు ఉప్పు

ఈ వంటలో సగం పని ముందురోజు రాత్రే. చేయాల్సింది ఒక్కటే... ఉప్పు రాయడం. ఏడొందల గ్రాముల ముక్కకి చెంచాన్నర లోపు ఉప్పు, అర చెంచా మిరియాలపొడి. పైనా కిందా, కుదిరితే చర్మాన్ని వేలితో మెల్లగా ఎత్తి దాని కింద కూడా రాయాలి. తర్వాత పళ్లెంలో పెట్టి మూత లేకుండా ఫ్రిజ్‌లో, అన్నిటికన్నా కింది అరలో ఉంచాలి. పచ్చిమాంసం నీరు కారి కూరగాయల మీద పడకుండా ఆ జాగ్రత్త. రాత్రంతా ఉప్పు లోపలికి దిగి కండలోని ప్రొటీన్లను వదులు చేస్తుంది. అలా వదులైన కండ ఉడికేటప్పుడు తన నీళ్లని తాను పట్టుకుని ఉంటుంది. మూత పెట్టకపోవడం వల్ల పైన చర్మం ఆరుతుంది. ఆరిన చర్మమే ఎర్రగా కాలుతుంది. తడి చర్మం ఉడుకుతుందంతే.

పెరుగు, నిమ్మరసం, అల్లంవెల్లుల్లి కలిపి నానబెడితే కాదా అని చాలామంది అడుగుతారు. చికెన్ కబాబుకు బాగుంటుంది. ఇక్కడ వద్దు. పులుపు రాత్రంతా ఉంటే మెత్తటి ఈ కండ పైపైన పిండిలా అయిపోతుంది. పైగా పెరుగు తడికి చర్మం కాలదు. పులుపంతా పూతలో వస్తుంది కదా, తొందరెందుకు?

ముక్కని కడగాలా అన్నది ఇంకో పేచీ. కడగకుండా వండటం మనవాళ్లకి మనసొప్పదు. కుళాయి కింద పెట్టి కడిగితే ఆ తుంపర్లతో సూక్ష్మక్రిములు సింకు నిండా, పక్కనున్న గ్లాసుల మీదా పడతాయి. ఉడికితే ఎలాగూ చచ్చేవే అవి. అంతగా కడగాలనిపిస్తే గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా ముంచి తీసి, శుభ్రంగా ఒత్తి, సింకునీ చేతుల్నీ సబ్బుతో కడిగేసుకోవాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు కోడిమాంసమంటేనే భయపడిన ఇళ్లున్నాయి. ముక్క మధ్యదాకా 70 డిగ్రీలు దాటి ఉడికితే ఆ వైరస్ బతకదు. ఇక్కడ మనం 74 దాకా తీసుకెళ్తాం.

పూత మనదే

అమెరికాలో ఈ పూతకి మేపుల్ సిరప్పో, తేనో, క్రాన్‌బెర్రీయో వాడతారు. అవన్నీ సూపర్‌మార్కెట్‌లో వెతుక్కుని కొనడం దండగ. తీపి, పులుపు, కారం... ఈ మూడూ కావాలి. మూడూ సీమలోనే ఉన్నాయి. తీపికి చిత్తూరు బెల్లం. పులుపుకి పులివెందుల చీనీకాయ, కోస్తావాళ్లు బత్తాయి అంటారే అదే, దానికి తోడు చింతపండు. కారానికి బ్యాడిగి మిరప. కర్నూలు, ఆదోని వైపు రైతులు ఈ రకం పండించి కర్ణాటకలోని బ్యాడిగి యార్డుకి లారీల్లో తీసుకెళ్తారు. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. పూతకి కావాల్సింది ఆ ఎరుపే. గుంటూరు కారం వేస్తే తీపి గల్లంతయిపోతుంది.

కావలసినవి: తరిగిన బెల్లం మూడు పెద్ద చెంచాలు, చీనీరసం అర టీగ్లాసు, చిక్కటి చింతపండు గుజ్జు ఒక పెద్ద చెంచా, బ్యాడిగి కారం ఒక చిన్న చెంచా, అల్లంవెల్లుల్లి ముద్ద అర చెంచా, మిరియాలపొడి చిటికెడు, వెన్న లేదా చెనక్కాయ నూనె ఒక చెంచా, ఉప్పు చిటికెడుకు మించకుండా. ముక్కకి రాత్రే ఉప్పు పట్టించిన సంగతి మరవొద్దు.

బెల్లాన్ని చీనీరసంలో కరిగించి ముందు వడగట్టాలి. ఎంత మంచి బెల్లమైనా రవ్వంత ఇసుక ఉంటుంది, పూతలో పంటికింద పడితే మజా పోతుంది. వడగట్టాక మిగతావన్నీ వేసి సన్నసెగన ఎనిమిది, పది నిమిషాలు మరిగించాలి. గరిటె వెనక వేలితో గీస్తే ఆ గీత నిలబడాలి. అంతే, దించేయాలి. తీగపాకం దాకా పోనిస్తే చల్లారాక అరిసెల పాకంలా గట్టిపడి బ్రష్షుకే అంటుకుంటుంది.

ఇక కాల్చడం. ఓటీజీ ఉన్నవాళ్లు దాన్ని 180 డిగ్రీలకి పదిహేను నిమిషాలు ముందే వేడిచేసుకోవాలి. ముక్కని అరగంట ముందు ఫ్రిజ్ లోంచి తీసి, గుడ్డతో అద్ది, చెనక్కాయ నూనె రాయాలి. ట్రేలో అడుగున మందంగా కోసిన ఉల్లిచక్రాలు పరవాలి. మైదుకూరు వైపు పండే చిన్న కేపీ ఉల్లి దొరికితే కోయకుండా అలాగే పెట్టేయొచ్చు. వాటి మీద ముక్కని చర్మం పైకి ఉండేలా పెట్టి, ట్రేలో పావుగ్లాసు నీళ్లు పోయాలి. మొత్తం నలభై అయిదు నుంచి యాభై అయిదు నిమిషాలు పడుతుంది.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. పూత సిద్ధంగా ఉందికదా అని మొదట్లోనే రాసేస్తారు. బెల్లం ముప్పావుగంట వేడికి ఆగదు. లోపల పచ్చి, పైన బొగ్గు! తీపి ఏదైనా సరే చివరి ఇరవై నిమిషాల్లోనే రాయాలి. ముందు అరగంట ముక్కని దాని మానాన దాన్ని వదిలేయాలి. తర్వాత ఒక పూత. ఏడెనిమిది నిమిషాలాగి రెండోది. ఇంకో ఏడెనిమిది నిమిషాలకి మూడోది. మూడు పల్చటి పూతలు ఒక మందపాటి పూతకన్నా మెరుస్తాయి. గోడకి సున్నం వేసేవాళ్లని అడిగినా ఇదే చెప్తారు.

ఉడికిందో లేదో కంటితో చెప్పడం కష్టం. పెద్ద ఊళ్ల దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో మాంసంలో గుచ్చే థర్మామీటరు దొరుకుతుంది. ఎముకకు తగలకుండా ముక్కలో అన్నిటికన్నా మందమైన చోట గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి. అది లేకపోతే సన్నపుల్లతో గుచ్చి చూడాలి. కారే నీరు తేటగా ఉంటే అయినట్టు, గులాబీ రంగులో ఉంటే ఇంకా కావాలన్నట్టు. ఇది అంత నమ్మకమైన పరీక్షేం కాదు. థర్మామీటరు లేనప్పుడు ఒక చోట కోసి లోపల గులాబీరంగు లేదని చూసుకోవడమే మేలు. అందం కాస్త చెడితే చెడింది.

ఓటీజీ లేకపోతే?

సీమ ఇళ్లల్లో ఓటీజీ ఉన్నవి తక్కువ. ఉన్నా కరెంటు పోతే ఇన్వర్టరు దాన్ని లాగలేదు. అయితే కుక్కర్లో కేకు చేసిన చేతులకి ఇది కొత్త కాదు. మందపాటి కళాయిలో రెండు చెంచాల నూనె వేడిచేసి, ముక్కని చర్మం కిందికి ఉండేలా పెట్టి, కదపకుండా అయిదారు నిమిషాలు ఎర్రగా కాల్చాలి. కదిపితే చర్మం అంటుకుని చిరుగుతుంది. దానంతట అది వదిలినప్పుడు తిప్పాలి. అడుగున ఉల్లిపాయలు వేసి, అర టీగ్లాసు నీళ్లు పోసి, బరువైన మూత పెట్టి సన్నసెగన నలభై నిమిషాలు ఉంచాలి. మధ్యలో ఒకట్రెండుసార్లు నీళ్లు ఇగిరాయేమో చూసుకోవాలి. ఉడికాక ముక్కని పక్కన పెట్టి, ఆ కళాయిలోనే పూత పోసి, అడుగున మిగిలిన రసంతో కలిపి మరిగించాలి. చిక్కబడ్డాక ముక్కని అందులో దొర్లించాలి.

ఇలా చేస్తే చర్మం కరకరలాడదు. ఆ మాట దాచి లాభం లేదు. కానీ మూతకింద ఆవిరిలో ఉడుకుతుంది కాబట్టి కండ ఎండిపోయే భయం తక్కువ. ఫొటోకి ఓటీజీ ముక్క, నోటికి కళాయి ముక్క అనుకోవచ్చు. కట్టుడు పళ్లున్న ఇంట్లో అయితే రెండో మాట లేదు... కళాయే.

ఏ పద్ధతిలో చేసినా ఒక ఓపిక తప్పదు. దించగానే కోయకూడదు. కాగితంలాంటి అల్యూమినియం ఫాయిలు వదులుగా కప్పి పది, పదిహేను నిమిషాలు వదిలేయాలి. వేడిమీదే కోస్తే రసమంతా పళ్లెంలోకి కారిపోతుంది. ముందురోజు ఉప్పు రాసి, మూడు పూతలు వేసి పడ్డ కష్టమంతా ఆ నీళ్లతోనే పోతుంది. ఆ పావుగంటలో సంగటి గెలుక్కోవచ్చు. తర్వాత కండని ఎముక నుంచి ఒకే ముక్కగా విడదీసి, నారకి అడ్డంగా వేలి మందాన కోయాలి. నిలువుగా కోస్తే ఎంత బాగా వండినా నారలు పళ్లల్లో ఇరుక్కుంటాయి.

పక్కన ఏం పెట్టాలి?

అక్కడైతే మెదిపిన బంగాళాదుంప, బ్రెడ్డు ముక్కల కూరు. ఇక్కడ వాటి జోలికెళ్లక్కర్లేదు. వేడి రాగిసంగటి ముద్ద మధ్యలో గుంట చేసి, ట్రేలోనో కళాయిలోనో మిగిలిన ఉల్లిరసాన్ని అందులో పోసుకుంటే దానికి సాటి లేదు. సంగటి చప్పన, పూత తీపికారం... ఒకదానికొకటి అతికినట్టుంటాయి. రాగి వద్దనుకుంటే కర్నూలు సోనామసూరి అన్నం, లేదా జొన్నరొట్టె. పక్కన నిమ్మకాయ పిండిన పచ్చి ఉల్లిపాయ. చక్కెరజబ్బు ఉన్నవాళ్లు పైన పూత ఉన్న చర్మం పక్కకు తీసి లోపలి కండ తింటే బెల్లం భయం చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా పోదు. ఆరోజుకి మందు మానేసి పాయసం కూడా లాగించేవాళ్లకి ఎవరు మాత్రం ఏం చెప్పగలరు!

ఈ వంటలో ఇద్దరికీ పని ఉంటుంది. పూత రాయడం, గడియారం చూడటం ఒకరు. సంగటి గెలకడం ఒకరు. సీమలో సంగటి తెడ్డు తిప్పడానికి భుజబలం కావాలి కాబట్టి ఆ పని ఎవరిదో ఆ ఇంట్లోవాళ్లే తేల్చుకుంటారు. మాంసం కోసి కంచాల్లో పెట్టాక డాలస్‌కో కువైట్‌కో వీడియోకాల్ చేస్తే, ‘టర్కీనా? మీరా?’ అని అవతల పిల్లలు నోరెళ్లబెట్టడం ఖాయం. తామేమో ఏడు కిలోల కోడిని కొని వారంరోజులు శాండ్‌విచ్‌ల్లో పెట్టుకుని తిన్నామని, అక్కడా బ్రెస్ట్ పీసు విడిగా అమ్ముతారని తెలిసీ పూర్తి కోడినే తెచ్చామని చెప్పుకుంటారు.

మిగిలిన ముక్కలు గంటన్నర, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి. మూడు రోజుల్లోపు వాడేయాలి. మళ్లీ ఓవెన్లో వేడిచేస్తే ఎండిపోతాయి కాబట్టి అలా చేయకుండా చేత్తో సన్నగా చీల్చుకోవాలి. మర్నాడు పొద్దున బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసేటప్పుడు పోపులో ఉల్లిపాయ మగ్గాక ఆ చీలికలు వేసి ఒక్క తిప్పు తిప్పితే చాలు. ఉగ్గానిలో మాంసమేంటని కర్నూలు పెద్దలు కోప్పడొచ్చు. వాళ్లకి విడిగా బజ్జీ పెట్టేస్తే సరి. ఇక ఎముక. దాన్ని పారేయొద్దు. రెండు లోటాల నీళ్లు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, మిరియాలు, కాస్త చింతపండు వేసి కుక్కర్లో నాలుగు కూతలు రానిచ్చి వడగడితే రాత్రికి చారు సిద్ధం. అన్నట్టు, పోగులో మెడా రెక్కలూ పట్టుకెళ్లిన పక్కింటావిడ వేపుడు చేసుకుని, ఆ మెడ ఎముకలు మిగిల్చిందేమో అడిగి తెచ్చుకుంటే చారు ఇంకా చిక్కగా ఉంటుంది. బదులుగా ఆవిడకి ఓ గిన్నెడు పంపాలి.